కొండబాట సైకిలునకు ముందేమి మార్చవలెను?

ఒక సోదరి మాకు వ్రాసిన జాబులోని సంగతి యిది. ఆమె కుమారుడు పదునెనిమిదేండ్లవాడు. ఆదివారములందు స్నేహితులతో గూడి సైకిలుపై కొండబాటలు తిరుగుచున్నాడట. ఇప్పుడా సైకిలునకున్న ముందరి ఫోర్కును తీసివేసి, గాలితో పనిచేయు క్రొత్త ఫోర్కు వేయించవలెననియు, అందుకిరువదివేల రూపాయలు కావలెననియు తల్లిని వేధించుచున్నాడు. "ఇది యవసరమా, వేడుకయా? మీ యింటను ఇట్టి సైకిలున్నదని విని యడుగుచున్నాను" అని ఆమె ప్రశ్న.

విన్నమాట నిజమే. ఆ సైకిలు మూలమున మేము కొంత ధనమును వృథాచేసితిమి. ఒక పిల్ల చేయి విఱుగుటకు కారణమైతిమి. పిమ్మట కొంత నేర్చుకొంటిమి. ఈ మూడింటిని దాచక వ్రాసినగాని ఆ సోదరికి మా జాబువలన ప్రయోజనముండదు.

ఈ వాహనమును చూడనివారికొక మాట. ఇది పాలవాడు తెచ్చు సైకిలు వంటిది కాదు. టైర్లు వెడల్పుగా, గుబ్బలు గుబ్బలుగా నుండును. హ్యాండిలు రెండువైపులకు చాచిన చేతులవలె నుండును. ముందరి ఫోర్కు కుదుపునకు లోనికి దిగి మరల లేచును. చక్రము నడుమ నున్న పలుచని యుక్కుపళ్లెమును, అనగా డిస్కును, ఇరుప్రక్కల నొక్కి బ్రేకు నిలుపును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మేరిన్ ప్రాంతపు టామల్పైస్ కొండపై ఈ క్రీడ రూపుదిద్దుకొనినది. అచటి యువకులు 1930, 1940 నాటి లావుటైర్ల పాత సైకిళ్లను కొండపైకి తోలుకొనిపోయి దిగువకు వదలెడివారు. 1976లో పందెములు మొదలిడిరి. పందెపు బాటకు 'రీప్యాక్' అని పేరు. ఆ పాత సైకిళ్లకు వెనుకచక్రపు ఇరుసులోపలనే బ్రేకుండెడిది. ఒక్కసారి కొండ దిగునప్పటికి అది కాగిపోయి, లోనున్న గ్రీజు పొగయైపోయెడిది. మరల విప్పి క్రొత్త గ్రీజు కూర్చినగాని రెండవసారి దిగుటకు వీలులేదు. మరల కూర్చుటయే ఆ పేరున కర్థము. ఈ విద్య పుట్టిననాటినుండియు మొదటి చిక్కు బ్రేకే యని మాకిందువలన దోచినది. 1977లో జో బ్రీజ్ అను నాయన యీ పనికొఱకే క్రొత్త ఫ్రేమును కట్టెను. ఆ ప్రాంతమువారే యైన జాకీ ఫెలన్ అను వనిత 1987లో స్త్రీలకొఱకు 'కొండసైకిలు, తేనీటి సంఘము' నొకదానిని స్థాపించెను. పేరు విని మేము మిక్కిలి నవ్వుకొంటిమి గాని, ఆమె అంతకుముందే తన దేశమున విజేతగా నిలిచిన యామె. 1996లో అట్లాంటా ఒలింపిక్సునందు ఈ పందెము చేరినప్పుడు పురుషులతోపాటు స్త్రీలకును అదే యేట చేర్చిరి.

ఇక మా కథ. మేముండునది వికారాబాదు. ప్రక్కనే అనంతగిరి కొండలు, పద్మనాభస్వామి యాలయము, మూసీనది పుట్టుచోటు. మా అన్నగారి కుమార్తె మాయింటనుండి ఇంటరు చదువుచున్నది. దాని అన్నకు బెంగుళూరున నుద్యోగమైనప్పుడు తన కొండసైకిలును చెల్లెలికిచ్చి పోయెను. అతడును పొట్టివాడే గనుక ఫ్రేము అమ్మాయికి సరిపోయినది. ఇది యదృష్టము. ఏలనన సైకిలులో ఏ భాగమునైనను మార్చవచ్చును గాని, ఫ్రేము పెద్దదైనచో దానికి మందులేదు. దానిని అమ్మి తగినది కొనుటయే మేలు.

మూడు నెలలు అమ్మాయి ఆ సైకిలుతో పెనగులాడెను. మణికట్లు నొప్పియని కొబ్బరినూనె రాయించుకొనెడిది. వేళ్లు తిమ్మిరెక్కుననెడిది. దిగుడులో మొరముపై ముందుచక్రము జారుననెడిది. ఒకనాడు చెప్పు విడిచి వాకిట కూర్చుండి, "అత్తయ్యా, ఇది నా వల్ల కాదు. అన్నకు వచ్చినట్టు నాకు రాదు" అనినది. అంగడివాని నడిగితిమి. పాతగేర్లు మార్చి పదిపండ్ల చక్రముల క్రొత్తజత వేయించుమనెను. అది నల్లగా నిగనిగలాడుచుండెను. చీటీపాడిన రూకలలో తొమ్మిదివేలు దానికి పోసితిమి. గేర్లు మెత్తగా మారినవి. మణికట్టునొప్పి పోలేదు, జారుట పోలేదు. అంగడివానిదేమి తప్పు? మేమడిగినది 'మంచిదేది' యని. 'దీనికేమి లోపము' అని కాదు.

భారతారణ్యపర్వమున నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమునకు గుఱ్ఱములను ఏరు ఘట్టము చదువరులకు తెలిసినదే. చూచుటకు బక్కచిక్కిన గుఱ్ఱములను తెచ్చినాడని రాజు సంశయించును. అశ్వవిద్య యెఱిగినవాడు మెఱుగును జూడలేదు, పరుగును జూచెను. చిన్ననాట మా తాతగారివద్ద ఈ కథను పాఠముగా చెప్పించుకొన్న మాకు, అంగడిలో ఆ నిగనిగ యెదుట నిలిచినప్పుడది జ్ఞప్తికి రాకపోయెను.

ఇంతకన్న గొప్పతప్పు తరువాత జరిగినది. వానాకాలము వెళ్లినపిదప బ్రేకు వేసినప్పుడెల్ల డిస్కులు కీచుమని యఱచుచుండెను. వీధివారందఱు తలయెత్తి చూచెడివారు. తలుపుబందులు కూసినచో మనమేమి చేయుదుము? అదియే చేసితిమి. ఒక శనివారము రాత్రి కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు రెండు డిస్కులకును వేసి, గుడ్డతో తుడిచి, మేలుచేసితిమనుకొని నిద్రించితిమి. మఱునాటి తెల్లవాఱుజామున అమ్మాయి చదునైన బాటపై పోవునంతసేపు కూత పోయినదని సంతోషించినదట. కొండదిగుడులో రెండు బ్రేకులు పిడికిళ్లతో నొక్కినను చక్రములు నిలువలేదు. తెలివిగలది గనుక లోయవైపు పోక పొదలలోనికి తిప్పుకొనెను. ముఖము గీచుకొనిపోయెను, శిరస్త్రాణము పగిలెను, ఎడమచేతి మణికట్టెముక చిట్లెను. ఆఱువారములు కట్టు. వైద్యుని యొద్దనుండి వచ్చినపిదప అది మమ్మొక్క మాటయు ననలేదు. అన్నగారు మాత్రము టెలిఫోనులో, "చెల్లెమ్మా, ఆ బండిని రేపే అమ్మివేయి" అనిరి. అమ్మాయి కంట నీరు పెట్టుకొని లోపలికి పోయినది. విఱిగిన చేతికి రాని కన్నీరది.

మా వారు గణితోపాధ్యాయులు. వారు అన్నగారితో, "బావా, నెలరోజులు గడువిమ్ము. దానిని కొలిచి చూచి, సరిచేయలేకున్న నేనే అమ్మెదను" అనిరి. ఆ నెలలో నేర్చుకొన్నదే యీ వ్యాసము.

డిస్కు బ్రేకునకు ప్యాడు, పళ్లెము రెండును ఎండుగా నున్ననే పట్టు. ప్యాడు నూనెను పీల్చుకొనును. పీల్చిన దానిని కడిగినను కాల్చినను నమ్మరాదు. పాఱవేయవలసినదే. పళ్లెమును శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, వ్రేలితో తాకకుండ మరల బిగింపవలెను. క్రొత్త ప్యాడు వేసినంతనే అది పట్టునని తలపరాదు. చదునైన చోట వేగముగా త్రొక్కి, చక్రము బిగిసిపోనీయక నడకవేగమునకు తగ్గించుట యిరువదిసార్లైనను చేసినచో, ప్యాడుపొర పళ్లెమునకంటి బ్రేకు కుదురుకొనును. ప్యాడుపై రాపిడిపదార్థము అరమిల్లీమీటరునకు అరిగినప్పుడే మార్చుమని షిమానోవారు చెప్పుదురు. మేము చూచినపుడు పాతవానికి అంతయు మిగులలేదు. నూనె వేయకున్నను అవి యెన్నో దినములు నిలుచునవి కావు. ప్యాడులలో రెజిన్ జాతి, లోహజాతి యని రెండు గలవు. కొన్ని పళ్లెములపై 'రెజిన్ ప్యాడు మాత్రమే' యను నర్థమిచ్చు నింగ్లీషుమాటలు చెక్కియుండును. వానికి లోహపు ప్యాడు వేసినచో పళ్లెము త్వరలో అరిగిపోవును. కొనుటకుముందు ఆ చెక్కడము చదువుకొనవలెను.

మా సైకిలువి తీగతో లాగు బ్రేకులు. పెద్దచేతుల మగవాడు రెండు వ్రేళ్లతో లాగగలిగిన దానిని అమ్మాయి నాలుగు వ్రేళ్లతో లాగవలసియుండెను. నాలుగువ్రేళ్లు బ్రేకుపైనున్నచో హ్యాండిలును పట్టునదేది? మణికట్టునొప్పికి మూలమిచటనే దొరకినది. చీటీలో మిగిలిన ధనముతో ద్రవముచే పనిచేయు హైడ్రాలిక్ బ్రేకులు వేయించితిమి. ఒక్క చూపుడువ్రేలు చాలుచున్నది. ఈ జాతి బ్రేకులలో కొన్నిటిలో మినరల్ నూనె, కొన్నిటిలో డాట్ అను ద్రవము ఉండును. ఒకదానిలో నింకొకటి పోసినచో లోపలి రబ్బరులు చెడును. ఆపుశక్తిలో పెద్దపాలు ముందరి బ్రేకుదే గనుక, ముందు 160 మిల్లీమీటర్ల పళ్లెము తీసి 180ది వేయించితిమి. చక్రమును నిలుపు బలము దానిచే ఎనిమిదవ వంతు పెరుగునని మా వారు పలకపై లెక్కవేసి చూపిరి. అయితే ఆ ఫోర్కు అంతపళ్లెమును ఓర్చునో లేదో ముందు విచారింపవలెను, ఓర్వనిదానికి వేయరాదు.

ధనము పెట్టకుండ మార్చినవి యంతకంటె నెక్కువ మేలు చేసినవి. బ్రేకుమీట మొదట ఒక చిన్న మఱ యుండును. దానిని త్రిప్పినచో మీట హ్యాండిలునకు దగ్గఱగా వచ్చును. మా అల్లుడు తన చేతికి దూరముగా పెట్టుకొని పోయినది అట్లే యుండగా, ఏడాదిపాటు ఎవరును చూడలేదు. హ్యాండిలు 760 మిల్లీమీటర్ల వెడల్పు. అమ్మాయి భుజములకది యెక్కువ. వెంటనే కోయింపలేదు. పిడులను, మీటలను రెండువైపుల రెండేసి సెంటీమీటర్లు లోపలికి జరిపి, వారము త్రొక్కించి, సుఖముగా నున్నదన్నపిదపనే చివళ్లు కోయించితిమి. కోసినదానిని అతుకలేము గదా. సీటు సంగతి స్త్రీలు సిగ్గుపడి చెప్పరు గనుక వ్రాయుచున్నాము. మనము కూర్చుండు ఎముకల నడిమిదూరము సాధారణముగా మగవారికంటె నెక్కువ. గట్టి పీటపై గళ్ల అట్టముక్క వేసి, దానిపై కూర్చుండి లేచినచో రెండు గుంటలు పడును. ఆ గుంటల నడిమిదూరమునకంటె కొంచెము వెడల్పైన సీటు తెచ్చుకొనవలెను. మెత్తన ఎక్కువున్నంత మాత్రమున సుఖముండదు. మెత్తన సీటు కాసేపటికే ఒరుసుకొనును.

టైరులయొద్ద మేము మిక్కిలి ఆలసించితిమి. నేలను తాకునది టైరొక్కటే; ఎంత బ్రేకైనను ఎంత ఫోర్కైనను దాని పట్టును మించి చేయునది లేదు. కర్ణుని వంటి వీరుడును రథచక్రముపై నేల పగబట్టినప్పుడు దిగి నిలువవలసివచ్చెను. మా పాతటైర్ల గుబ్బలు అరిగి, రబ్బరు ఎండి, ప్రక్కల సన్నని పగుళ్లు వాఱియుండెను. అనంతగిరి నేల ఎఱ్ఱమట్టి. ఎండలో మొరపురాళ్లు శనగలు చల్లినట్లు కాలిక్రింద దొర్లును, వానలో జిగటబురద. ముందు 2.35 అంగుళముల లోతుగుబ్బల టైరును, వెనుక 2.25 అంగుళముల త్వరగా దొర్లు టైరును వేయించితిమి. జారినచో వెనుకచక్రము జారుట నయము. ముందుచక్రము జారినచో మనిషి నేలపైనే. కావున ఒక్కటియే కొనుశక్తి యున్నచో ముందరిది కొనుడు. వెడల్పు పెంచునపుడు ఫ్రేమునకును టైరునకును నడుమ వ్రేలు దూరునంత సందున్నదో చూచుకొనుడు. లేకున్న బురద బిగిసి చక్రము ఆగిపోవును.

గాలి సంగతి మఱియొకటి. అంగడివారు కుఱ్ఱవానిచే కొట్టించిన గాలి నలువదియైదు పౌనులు. అది రాతిచక్రమువలె నెగిరిపడుచుండెను. ఏబది కిలోల పిల్లకది యేల? ట్యూబుండగా తగ్గించి చూచిన, రాయి తగిలినచోట ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి, పాము కఱచినట్లు రెండు బెజ్జములు పడెను. అందుచే ట్యూబు తీసివేసి, రిమ్మునకు లోపల పట్టీవేసి, రబ్బరుపాల ద్రవము పోయించి, ట్యూబులెస్సుగా మార్పించితిమి. ఇందుకు రిమ్మును టైరును అట్టి జాతివై యుండవలెను. ఇప్పుడు ముందు ఇరువది, వెనుక ఇరువదిరెండు పౌనులు. తుమ్మముల్లు గ్రుచ్చుకొనినచో ద్రవము బయటికి వచ్చి తానే గడ్డకట్టి మూసివేయుచున్నది. పూర్వము ప్రతి ఆదివారము పంక్చరుతో నడచివచ్చు పిల్ల యిప్పుడు వేళకు భోజనమునకు వచ్చుచున్నది. మన యెండలకు ఆ ద్రవము త్వరగా ఎండును గనుక రెండు మూడు నెలలకొకసారి చూచి మరల పోయవలెను. సంక్రాంతికి పోసి దసరావఱకు మఱచుట కుదరదు.

చైనును కొలుచుటకు కొయ్యస్కేలు చాలును. అది క్రొత్తగా నున్నప్పుడు ఒక మేకునుండి ఇరువదినాలుగవ మేకువఱకు సరిగా పండ్రెండంగుళములు. అరిగినకొలది సాగును. అంగుళములో పదునాఱవ వంతు ఎక్కువైనచో చైనును మార్చవలెను. ఎనిమిదవ వంతువఱకు ఊరకున్నచో పళ్లచక్రములును అరిగిపోయియుండును. అప్పుడు ఖర్చు ఎన్నోరెట్లు. మేము తొమ్మిదివేలు పోసిన గేర్లకు బదులు ఆనాడు ఒక చైను కొనిన చాలునేమో యను సంగతి మా వారు రెండుమారులు జ్ఞప్తిచేసిరి. మూడవమారు మేము వంటయింటిలోనికి లేచిపోతిమి.

పెడళ్లు వెడల్పుగా, చిన్న మేకులు గలవి వేయించితిమి. చౌకయైనను పాదము జారదు. దిగుడులో సీటును మీటతో క్రిందికి దింపుకొను కంబము, డ్రాపర్ అందురు, అమ్మాయి కోరుచున్నది. అది మంచిదే. సీటు అడ్డులేనిదే శరీరమును వెనుకకును క్రిందికిని జరుపుకొనుటకు వీలు. దానిని ఫ్రేముగొట్టపు లోకొలతనుబట్టి కొనవలెను. 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లని వివిధములు. అరమిల్లీమీటరు తేడాయైనను దూరదు లేక వదులగును. అది రాబోవు ఉగాదికి.

ఇప్పుడు ఫోర్కు. సోదరి ప్రశ్న యిదియే గనుక నిదానముగా చెప్పెదము. ఆమె కుమారుడు కోరినది వట్టి వేడుక యని మేమనము. ఫోర్కు కాలునకు సన్నని ప్లాస్టికు పట్టీనొకదానిని చుట్టి, రబ్బరుసీలు వఱకు జరిపి, త్రొక్కువాని నెక్కించి కదలక కూర్చుండనిచ్చి, మెల్లగా దింపినచో పట్టీ ఎంత దిగినదో తెలియును. నూఱు మిల్లీమీటర్లు దిగు ఫోర్కు, మనిషి బరువునకే ఇరువది, ఇరువదియైదు దిగియుండవలెను. అమ్మాయి కూర్చున్నప్పుడది యెనిమిది మాత్రమే దిగినది. దానిలోని ఉక్కుచుట్ట డెబ్బది, ఎనుబది కిలోల పురుషునికొఱకు చేసినది. పైన త్రిప్పుడుబిళ్ల యున్నది గాని, అది చుట్టను ముందుగా నొక్కిపట్టునే గాని మెత్తన చేయదు. గాలిఫోర్కులో మనిషి బరువునుబట్టి గాలి నింపుకొనవచ్చును. తేలికవారికి దానివలని లాభము నిజమైనది. కాని పాత ఫ్రేమునకు క్రొత్త ఫోర్కు వేయుట చొక్కా మార్చినంత సులభము కాదు. మెడగొట్టము అంతయు నొక్కలావో, క్రిందికి లావగునదో చూడవలెను. ఇరుసు సన్నని తొమ్మిది మిల్లీమీటర్లదో, పదునైదుదో చూడవలెను. భేదమైనచో ముందుచక్రమే మార్చవలసివచ్చును. పాతదానికంటె ఇరువది మిల్లీమీటర్లు మించి ఎత్తైన దానిని వేసినచో ముందుభాగము లేచి సైకిలు నడక చెడును, ఫ్రేముపై బరువును పెరుగును. ఇవన్నియు కుదిరినను, ఫోర్కు వెల సైకిలు వెలలో సగమును మించినచో మేము కొనము. ఆ ధనమును దాచి, కొంతకాలమునకు సరియైన సైకిలునే కొనుట మంచిదని మా యభిప్రాయము. మా యింట ఫోర్కు ఇంకను పాతదే. టైరుగాలి తగ్గినపిదప అమ్మాయికి దాని కఠినత్వము సగము మఱుపునకు వచ్చినది.

గడువు తీఱిననాడు అన్నగారు స్వయముగా వచ్చిరి. అమ్మాయి ఆయన కన్నులయెదుట ఏటవాలుగా నున్న బాటలో వేగముగా దిగివచ్చి, ఒక్క వ్రేలితో ఆపి, కాలు నేల మోపెను. ఆయన ఏమియు ననలేదు. మధ్యాహ్నము భోజనమప్పుడు, "ఆ శిరస్త్రాణము పగిలినదే కదా, క్రొత్తది కొన్నారా?" అని యడిగిరి. పగిలినదానిని మరల పెట్టుకొనరాదు గనుక బ్రేకులకంటె ముందే కొంటిమి. బండి అమ్ముమాట మరల రాలేదు. కుట్టుమిషను నూనెసీసా ఇప్పుడు మా వారి బల్లసొరుగున తాళముక్రింద నున్నది.

ఆ సోదరి తన కుమారుని యెత్తును, బరువును, టైర్ల వెడల్పును, వానిలో కొట్టించు గాలిని, బ్రేకులు తీగవో ద్రవమువో, ప్యాడులు చివర ఎప్పుడు మార్చిరో మాకు వ్రాయవలెను. పట్టీతో ఫోర్కును కొలిచి ఆ యంకెయు వ్రాసినచో, ఇరువదివేల సంగతి పైమాసమున తేల్చి చెప్పెదము.